తాతచేప కోసం ఖాళీ తొట్టి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద నాయనమ్మ, వంటింట్లో పిన్ని, సెలవు రోజైనా స్టోరు తాళాల గుత్తి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో బాబాయి, టీవీ ముందు నేల మీద గుసగుస. గుసగుస అన్నది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. పదో తరగతికి వచ్చినా ఆమె మాట పక్క మనిషిని దాటి పోదు కనుక ఇంట్లోవాళ్లు పెట్టుకున్న పేరు. బడి కోసం బాబాయి ఇంట్లో ఉంటోంది. ఆమె నోట్లో నాలుక ఉందో లేదో చూసి చెప్పమని పంతులమ్మ ఒకసారి ఇంటికి కబురు కూడా పంపింది.

నలుగురే అన్నాం గానీ, టీవీ పెడితే ఇంకొకరు ఉంటారు. తాబేలుగారు.

గుసగుస ఆడే వీడియో గేమ్‌లో ఒక చిన్న దీవి ఉంది. దీవిలో మ్యూజియం ఉంది. పురుగుల్నీ చేపల్నీ పట్టి తెచ్చి ఇస్తే ఆ మ్యూజియం క్యూరేటర్ అయిన ముసలి తాబేలు వాటిని అందుకుని, ఒక్కోదాన్నీ దాని గాజు తొట్టిలోనో పెట్టెలోనో ఉంచుతుంది. ఆ దీవిలో కాలం మన క్యాలెండర్ ప్రకారమే నడుస్తుంది. ఎండాకాలం పురుగు ఎండాకాలంలోనే దొరుకుతుంది. తొందరపడితే లాభం లేదు. గుసగుస ఏడాదిగా ఓపిక పట్టి ఒక్కొక్కటీ నింపుకుంటూ వచ్చింది. ఇక మిగిలింది ఒకే ఒక్క తొట్టి, తాతచేపది. ఈ నెలలోనే, వానలోనే, సముద్రంలోనే అది పైకి వస్తుంది. ఇవాళ నెలాఖరు. ఇవాళ తప్పితే మళ్లీ ఏడాది. ఆ ఖాళీ తొట్టి ఆమెకు పన్ను ఊడిన చోటులా ఉండేది. మనసు మాటిమాటికీ నాలుకలాగా అక్కడికే పోయేది.

పొద్దున్నే లేచి చూస్తే దీవిలో వాన. గుసగుస గుండె నిబ్బరం చేసుకుని, టిఫిన్ కాగానే కూర్చోవాలని నిర్ణయించుకుంది.

"ఇవాళ ఏంటే నీ పని?" అని అడిగింది నాయనమ్మ. ఆమెకు చెవులు కాస్త మందం. ఆ ఇంట్లో గుసగుస కొంచెమైనా గొంతు పెంచేది ఆమె దగ్గరే.

"మ్యూజియానికి అన్నీ ఇచ్చేశాను నాయనమ్మా. పురుగులన్నీ, చేపలన్నీ. తాతచేప ఒక్కటే మిగిలింది. ఇవాళ అదీ ఇచ్చేస్తే అయిపోయినట్టే."

"తాతచేపా? మీ తాతలాంటిదే అయితే పిలిస్తే రాదు. వడ్డించేశామని చెప్పు, అదే పరిగెత్తుకొస్తుంది."

తాళాలకు నూనె రాస్తున్న బాబాయి చెయ్యి ఆగిపోయింది.

బాబాయి ఊళ్లో ఉన్న నిజం మ్యూజియానికి స్టోర్ కీపర్. అక్కడ ప్రాణుల గది అని ఒకటి ఉంది. దాని నిండా గాజు పెట్టెలే, వాటి నిండా ఖాళీయే. దాతలు కావాలని డైరెక్టరుగారు గేటుకి బోర్డు కట్టించి చాలా కాలమైంది. ఇప్పటిదాకా వచ్చింది ఒక కాకి ఈక. అదీ గాలికి వచ్చిందేనని వాచ్‌మన్ అంటాడు.

"మ్యూజియానికి ఇచ్చావా? ఎప్పుడమ్మా?" అన్నాడు బాబాయి.

"ఏడాదిగా ఇస్తూనే ఉన్నాను."

"ఏడాదిగానా! నా స్టోరు తాళం తియ్యకుండానా? ఎవరు తీసుకున్నారు?"

"క్యూరేటర్‌గారు."

"ఏ క్యూరేటరు? ఎలా ఉంటాడు మనిషి?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుసగుస ఆ తాబేలును ఏనాడూ 'అది' అనలేదు. తను చెప్పేది పూర్తయ్యేదాకా విసుక్కోకుండా ఆగేది లోకంలో ఆయన ఒక్కడే. అలాంటి పెద్దమనిషిని అది ఇది అనడానికి ఆమెకు నోరు రాదు. అందుకని మర్యాదగానే చెప్పింది.

"బట్టతల. పొడుగు మెడ. పాత కోటు వేసుకుంటారు. బాగా మెల్లిగా నడుస్తారు. ఏదిచ్చినా కళ్లు మూసుకుని తల ఊపుతారు."

బాబాయి లేచి నిలబడ్డాడు. "మా మ్యూజియం అసిస్టెంటు!"

"అది కాదు బాబాయ్, గేమ్‌లో..." అంది గుసగుస. ఆ మాట గదిలో సగం దూరం వెళ్లేసరికి బాబాయి ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

పిన్ని గరిటెతోనే బయటికి వచ్చింది. "ఏమైందండీ?"

"పిల్ల ఎండనక వాననక తిరిగి పోగుచేసిన పురుగుల్ని ఆ అసిస్టెంటు మింగేశాడే!"

"పురుగుల్నా?"

"మింగడమంటే నమలడం కాదే బాబూ! నొక్కేశాడు."

"ఇది స్కూలుకి తప్ప గడప దాటదు కదండీ. ఎక్కడ పట్టింది అన్ని పురుగుల్ని?"

"మనం చూడనప్పుడు పట్టింది. మనం ఏం చూశాం కనుక? నోరులేని పిల్ల. నోరులేనివాళ్ల సొమ్మంటే అందరికీ లోకువే."

ఈలోగా ఫోన్లో వాచ్‌మన్ దొరికాడు. మ్యూజియంలో దోమలు తప్ప పురుగులేవీ లేవని ఒట్టేశాడు. అంతటితో ఊరుకోకుండా పక్కనే క్వార్టర్స్‌లో ఉన్న డైరెక్టరుగారి తలుపు కొట్టి సంగతి చెప్పాడు. వాచ్‌మన్ నోట్లో పడ్డాక ఒక పాప ఇచ్చిన చేపలు అరుదైన చేపలయ్యాయి. అరుదైన చేపలు విదేశాలకు తరలిపోయాయి. గుసగుస ఇంకా టిఫిన్ పళ్లెం కడుక్కోకముందే, గుమ్మం ముందు డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు. పక్కన అసిస్టెంటు.

డైరెక్టరుగారు నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు. మాట కూడా పైకి రాదు. నిద్రపోయేవాళ్ల మధ్య నడుస్తున్నట్టు మాట్లాడతారు.

"నువ్వు ఇచ్చిన ప్రాణుల్ని తీసుకున్నది ఈయనేనా అమ్మా?"

గుసగుస తలెత్తి చూసింది. బట్టతల. పొడుగు మెడ. పాత కోటు. ఆమె నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. కళ్లు ఆమె ప్రమేయం లేకుండా ఆయన వీపు వైపు వెళ్లాయి, డిప్ప కోసం.

"చూశారా! చూడగానే గుర్తుపట్టింది నా మనవరాలు!" అంది నాయనమ్మ.

అసిస్టెంటు కళ్లు మూసుకుని తల ఊపాడు. అది ఆయన అలవాటు. "సార్, ఇన్నేళ్ల సర్వీసులో చీమను కూడా ఇంటికి పట్టుకెళ్లలేదు. కావాలంటే మా ఇల్లు సోదా చేసుకోండి. మా ఆవిడ ఎదురుగానే చేసుకోండి."

గుసగుస గబగబా తల అడ్డంగా ఊపింది. "ఈయన కాదండీ," అంది.

"భయపడకమ్మా, నేనున్నాను," అన్నాడు బాబాయి.

"ఈయన కాదు బాబాయ్."

"చూశారా సార్? పిల్లను ఎంత బెదిరించి ఉంటే ఇలా మాట మారుస్తుంది?"

ఇక మాటతో అయ్యే పని కాదని ఆమెకు అర్థమైంది. వెళ్లి టీవీ పెట్టింది. తెర మీద వాన పడుతోంది. దీవి, మ్యూజియం మెట్లు, లోపల బల్ల వెనక కోటు వేసుకున్న తాబేలు. తాబేలు కళ్లు మూసుకుని, మెల్లిగా తల ఊపింది.

వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది. అయినా పిన్ని కదల్లేదు.

డైరెక్టరుగారు తాబేలును చూశారు. అసిస్టెంటును చూశారు. మళ్లీ తాబేలును చూశారు. "కోటు మాత్రం మన ఆయనదే కాస్త నయం," అన్నారు.

బాబాయి చెయ్యి తాళాల గుత్తి మీదికి వెళ్లింది. అడగకముందే అప్పగించేద్దామన్నట్టు దాన్ని ముందుకు చాచాడు. "సార్... పిల్ల చెప్పింది కదా అని నేను..."

డైరెక్టరుగారు ఆయన వైపు చూడలేదు. నేల మీద, గుసగుస పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "ఇందులో పెట్టెలన్నీ నిండి ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. అడిగిన తీరు చూస్తే, పిల్లలు లేనివాళ్లు ఎదురింటి పిల్లల సంగతి అడిగినట్టు ఉంది.

గుసగుస తల ఊపింది.

"ఒక్కసారి చూపిస్తావా?"

ఆమె చూపించింది. రెండు గదులు దాటాక ఆయన గేమ్ రిమోట్ తన చేతిలోకి తీసుకున్నారు. ఇక ప్రతి పెట్టె ముందూ ఆగారు. సీతాకోకచిలుకల గదిలో తల పైకెత్తి చాలాసేపు ఉండిపోయారు.

"వెలుతురు చూశావా? మన దగ్గర బల్బు మార్చమని ఎన్నాళ్ల నుంచి చెబుతున్నాను?"

"రేపే మారుస్తాను సార్," అన్నాడు బాబాయి, ఉద్యోగం ఇంకా ఉన్నట్టే ఉందన్న ఆశతో.

"తొట్లు మన వాటికన్నా ఎత్తు సార్," అన్నాడు అసిస్టెంటు. అలిగి గుమ్మం దగ్గరే నిలబడ్డ మనిషి, ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో ఎవరూ చూడలేదు. "తాబేలు కూడా పనిమంతుడిలాగే ఉన్నాడు."

గుసగుస మాత్రం తొట్లను చూడడం లేదు. తెర మీది మ్యూజియం కిటికీలోంచి వానను చూస్తోంది. దారాల్లా పడుతున్న వాన ఇప్పుడు చుక్కలు చుక్కలుగా విడిపోతోంది.

"సార్, వాన..." అంది. ఎవరికీ వినపడలేదు. రిమోట్ కోసం చెయ్యి చాచింది.

"పర్వాలేదమ్మా, నాకు పట్టు దొరికింది," అన్నారు ఆయన దయగా.

ఆఖరికి ఖాళీ తొట్టి ముందుకు వచ్చారు. "ఇదేంటి ఇలా ఉంది?"

"అది తాతచేపదట నాయనా," అంది నాయనమ్మ మంచం మీది నుంచి. "వానలోనే వస్తుందట. ఇవాళ్టితో గడువట. పొద్దున్నే చెప్పింది."

డైరెక్టరుగారి ముఖం మారిపోయింది. "ఇవాళ్టితోనా? మరి ఇందాకటి నుంచి చెప్పవేమమ్మా!"

తెర మీద గుసగుస ఆడించే బొమ్మ వాననీటి గుంతల్లో పరిగెత్తి సముద్రం ఒడ్డుకు చేరింది. గాలం పడింది. నీడ ఒకటి వచ్చి బెండును ముట్టీ ముట్టకుండా ముట్టింది. డైరెక్టరుగారు లాగేశారు. నీడ పోయింది.

"తొందరపడ్డారు సార్."

"తెలుసు."

మళ్లీ వేశారు. ఈసారి చేప వచ్చి, మింగి, వెళ్లిపోయాక లాగారు. ఆకాశంలో ఒక మూల నీలం కనపడుతోంది. ఇంతలో లోతులోంచి పెద్ద నీడ వచ్చింది. అంత నీడను గుసగుస ఎన్నడూ చూడలేదు.

"లాగండి సార్!" అన్నాడు బాబాయి.

"ఆగండి సార్!" అన్నాడు అసిస్టెంటు.

"చేపకి భయమేస్తుంది, ఎవరూ మాట్లాడకండి," అంది పిన్ని అందరికన్నా గట్టిగా.

బెండు ఒకసారి కదిలింది. ఇంకోసారి. గుసగుస పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఇంకోసారి కదిలి, గుటుక్కున మునిగింది.

"ఇప్పుడు! లాగండీ!!"

ఆ కేక ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. నాయనమ్మ చెవి మీద చెయ్యి వేసుకుంది. డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటులోనే ఆయన బొటనవేలు రిమోట్ మీద నొక్కుకుంది. సముద్రం చీలింది. మీసాలతో, ముడతలతో, తాతచేప బయటికి వచ్చింది. తెర మీద బొమ్మ దాన్ని రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంది. వాన ఆగిపోయింది.

అందరూ గుసగుస వైపే చూస్తున్నారు. కానీ ఒకసారి బయటికి వచ్చిన ఆ గొంతును మళ్లీ మడిచి లోపల పెట్టుకోవడం ఆమెకు చేతకాలేదు.

"ఇవ్వండి! అది నేనే ఇవ్వాలి! ఏడాదిగా నేనే ఇచ్చాను, నా చేత్తోనే ఇచ్చాను! తాబేలుగారికి దాన్ని కూడా నేనే..."

డైరెక్టరుగారు వేలు పెదాల మీద పెట్టుకున్నారు. కోపం లేదు. బడి పిల్లలతో అనే మాటే, అదే మెత్తని గొంతుతో అన్నారు. "మ్యూజియంలో గట్టిగా మాట్లాడకూడదమ్మా." ఆయన వేళ్లు అప్పటికే బొమ్మను మ్యూజియం మెట్లు ఎక్కిస్తున్నాయి. ఇన్నేళ్లలో ఆయన చేతుల మీదుగా జరుగుతున్న మొదటి విరాళం. ఆయన కళ్లల్లో తడి ఉంది.

"కాసేపేనమ్మా, కాసేపే," అంటూ బాబాయి ఆమె భుజాలు పట్టుకుని వరండాలోకి నడిపించి, తను మాత్రం గబగబా లోపలికి వెళ్లిపోయాడు. అసిస్టెంటు లేచాడు. మెడ ముందుకు చాచి, మెల్లిగా, చాలా మెల్లిగా నడిచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆమె ముఖంలోకి చూసి, కళ్లు మూసుకుని తల ఊపి, తలుపు వేశాడు.

కాసేపటికి లోపల చప్పట్లు వినిపించాయి. ఆ దీవి మ్యూజియం తెరిచిన నాటి నుంచి, అల్లరి చేసినందుకు బయటికి పంపబడిన మొదటి సందర్శకురాలు, దాన్ని నింపిన అమ్మాయే.