మేడం గారి పేషెంటు

ఫార్మసీ కాలేజీలో పెద్ద మేడం అంటే అందరికీ హడలే. పుస్తకం బట్టీ పట్టి అప్పజెప్పే పిల్లలకు కాదు, వార్డులో మంచం పక్కన నిలబడి రోగిని సరిగ్గా అడిగి తెలుసుకునే పిల్లలకే మార్కులు పడాలని ఆవిడ పంతం. అలా మార్కులు వెయ్యడం ముందు పాఠాలు చెప్పేవాళ్ళకే నేర్పాలి కదా! ఆ పొద్దున ఐదుగురు లెక్చరర్లకు ఆస్పత్రి వార్డులో శిక్షణ. సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి చూస్తారు. ఆయనకు నచ్చితే శిక్షణ ఉంటుంది, లేదంటే మళ్ళీ క్లాసురూములో బట్టీ పరీక్షలే.

తీరా బయల్దేరే వేళకు రోగి వేషం వేసేవాడు రాలేనని ఫోన్ చేశాడు. మేడం తొణకలేదు. పేపరు చదువుకుంటున్న భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఇవాళ మీరే పేషెంటు."

"నేనా? నాకేం రోగం?"

"రోగం నేను చెప్తాలెండి. కాస్త కడుపులో మంట, అంతే. అతి చెయ్యకండి."

"కాలేజీ రోజుల్లో నాటకాలు వేసినవాణ్ణి, నాకా చెప్తావు!"

వార్డులో ఆయన్ని మంచం ఎక్కించి, రోగిని ప్రశ్నలడగాల్సిన స్టూడెంటుకు కబురు పెట్టి, మేడం లెక్చరర్లకు చివరిసారి చెప్పింది. "ఏం జరిగినా సరే, నోరు మెదపకూడదు. చూడాలి, మార్కులు వెయ్యాలి." ఇది ముఖ్యంగా అందింపుల మాస్టారి కోసం. వైవాలో ప్రశ్నా తానే అడిగి, జవాబూ తానే అందించే దయామయుడాయన. పాపం, పెన్ను పళ్ళ మధ్య బిగించుకుని నిలబడ్డాడు. మేడం సూపరింటెండెంటు గారిని తీసుకురావడానికి కిందికి వెళ్ళింది.

జనాన్ని చూసేసరికి శ్రీవారికి పూనకం వచ్చింది. కడుపులో మంట ఏం రక్తి కడుతుంది? గుండె పట్టుకుని "అమ్మో, చచ్చాను!" అని పెద్ద కేక పెట్టాడు. అప్పుడే డ్యూటీ ఎక్కిన నర్సు పరుగెత్తుకొచ్చింది. మేడం ముందుగా సంగతి చెప్పి ఉంచిన నర్సేమో అప్పటికే డ్యూటీ దిగి వెళ్ళిపోయింది.

"మీరు ఈయన తాలూకు వాళ్ళా? నొప్పి ఎప్పట్నుంచి?"

ఐదుగురూ గుడ్లప్పగించి చూశారు. ఇదీ పరీక్షలో భాగమే అనుకుని రాసుకున్నారు. "అయ్యో, బాధతో మాట కూడా రావట్లేదు వీళ్ళకి!" అని నర్సు డాక్టరును పిలిచింది.

డాక్టరు బీపీ చూశాడు. అది నటన కాదు, నిజంగానే బాగా ఎక్కువగా ఉంది. "ఈసీజీ తియ్యండి. ముందు నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వండి."

సూది చూడగానే మన నటుడు లేచి కూర్చున్నాడు. "అయ్యా, నాకేం లేదు! ఇదంతా నాటకం! కావాలంటే వీళ్ళనడగండి!"

వాళ్ళు ఉలకలేదు, పలకలేదు. మాస్టారి పళ్ళ మధ్య పెన్ను మాత్రం పటుక్కుమంది.

"పేషెంటు కంగారుపడుతున్నాడు, గట్టిగా పట్టుకోండి," అన్నాడు డాక్టరు.

సరిగ్గా అప్పుడే మేడం, సూపరింటెండెంటు గుమ్మంలోకి వచ్చారు. మేడం ఇరుకున పడింది. నోరు తెరిస్తే తన నియమం తానే తప్పినట్టు, శిక్షణ మూలపడ్డట్టు. తెరవకపోతే మొగుడికి సూది! ఇంతలో స్టూడెంటు అమ్మాయి మంచం దగ్గరికి వచ్చి, కేసు షీటులో బీపీ, ఇంజెక్షన్ పేరు చూసి, డాక్టరును ఒక్క నిమిషం ఆగమంది.

"బాబాయ్ గారూ, ఇంట్లో ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు? డాక్టరు రాసినవే కాదు, మీ అంతట మీరు కొనుక్కున్నవి కూడా చెప్పండి."

"ఛాతీ నొప్పి ఉత్తిదమ్మా, మోకాళ్ళ నొప్పి నిజం! షాపులో మాత్రలు కొని పూటపూటా మింగుతున్నా. మా ఆవిడకు తెలిస్తే చంపేస్తుంది!"

"మరి బీపీ మాత్రలో?"

"అవీ ఇవీ ఎందుకని అవి మానేశా!"

అమ్మాయి డాక్టరు వైపు తిరిగింది. "సర్, బీపీ అందుకే పెరిగి ఉండొచ్చు. ఈ ఇంజెక్షన్ కూడా ఆ నొప్పి మాత్రల రకమే, బీపీ ఇంకా పెరుగుతుంది. ఆపితే మంచిది."

డాక్టరు సూది పక్కన పెట్టాడు.

"ఎప్పట్నుంచండీ ఈ భాగోతం!" మేడం అరుపుకు వార్డు దద్దరిల్లింది. అరిచాక గానీ పక్కన ఎవరున్నారో గుర్తు రాలేదు.

సూపరింటెండెంటు గారు నవ్వాపుకోలేకపోయారు. "మీకే తెలియని సంగతి ఆ అమ్మాయి రాబట్టింది మేడం. శిక్షణ మానొద్దు. కాకపోతే, రోగి ప్రాణం మీదికొస్తే నోరు విప్పొచ్చని కూడా వీళ్ళకు నేర్పండి." అందింపుల మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు.

శిక్షణ దివ్యంగా సాగుతోంది. రోగి వేషానికి మాత్రం మేడం ఎవరి భర్తలనూ తీసుకోవడం లేదు. వాళ్ళు నిజం చెప్పేస్తున్నారు.