పళ్ల ముక్కల్లోకి వేయించిన మిరపకాయలు

ఆ ఆదివారం పొద్దున ఎవారిస్తో పులీదో అనే ఆయన వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. పదకొండింటికి కాబోయే వియ్యంకుడు వస్తాడు. ఈలోగా తను పళ్లు కోసి, ఉప్పు వేసి, నిమ్మరసం పిండి, పైన ఎర్రగా మిరపపొడి చల్లి ఉంచుతాడు. వచ్చినాయన ఒక ముక్క నోట్లో వేసుకోగానే మెత్తబడతాడు. మెత్తబడ్డ మనిషి చేత పెళ్లి తేదీ పలికించడం ఎంతసేపు.

ఎవారిస్తో త్లాకెపాకె అనే ఊళ్లో డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఊళ్లో సగంమంది అతని దగ్గరే కారు నేర్చుకున్నారు. మిగతా సగంమంది వాళ్లు ఎదురైతే పక్కకు తప్పుకోవడం నేర్చుకున్నారు. తన మీద తనకు అనుమానమన్నది అతనికి బుద్ధెరిగాక కలగలేదు.

అవతలివాడు మాత్రం సామాన్యుడు కాడు. ప్లుతార్కోది అరందాస్ ఊళ్లో పశువుల వ్యాపారం. కాగితం మీద సంతకం చెయ్యడు, మాటిస్తాడు. ఇచ్చిన మాట తప్పినట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ చెప్పుకోలేదు. చిక్కల్లా ఆ మాట ఇవ్వడంలోనే ఉంది. కొడుకు లిసాంద్రో పశువైద్యం పరీక్ష అయ్యేదాకా పెళ్లి వద్దని ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాడు. ఈ రోజు మూడోసారి వేయడానికే వస్తున్నాడని లిసాంద్రో ముందే చెవిన వేశాడు.

"ఈసారి కూడా వాయిదా అంటే నేను ఎక్కడో దూరాన తిహువానాలో ఉద్యోగానికి ఒప్పేసుకుంటా నాన్నా. ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చింది నాకు," అంది కూతురు నోయెమి.

"నువ్వు పైకెళ్లి జడ వేయించుకో. కింది సంగతి నేను చూసుకుంటా," అన్నాడు ఎవారిస్తో.

"పళ్లు నేను కోస్తాలే," అంది భార్య హెర్మెలిందా.

"అక్కర్లేదు. నా చెయ్యి పడితే ఆ రుచే వేరు."

ఇంతలో ఎవారిస్తో తల్లి పొంపోసా కొత్త నీలం గౌను వేసుకుని, చేతికర్ర పుచ్చుకుని చర్చికి బయల్దేరింది. పూజ అయ్యాక చర్చి వసారాలో కూర్చుని ఊరి కబుర్లన్నీ విని గాని ఆవిడ ఇల్లు చేరదు.

"నా కోసం ఆగొద్దురా. పిల్ల పెళ్లి మాట తేల్చెయ్యండి," అని నవ్వుతూ గడప దాటింది.

ఎవారిస్తో పనిలో దిగాడు. హికామా దుంప తోలు వలిచి, తెల్లటి కండను కరకరలాడేలా వేలెడంత ముక్కలు కోశాడు. దోరమామిడి, అనాస, దోసకాయ కోశాడు. కమలాపండు తొనల మీది తోలు కూడా ఓపిగ్గా తీశాడు. అన్నీ గాజు గిన్నెలో పోసి, ఉప్పు జల్లి, నిమ్మకాయలు పిండి మూతపెట్టాడు. అప్పుడు మిరపపొడి సీసా తెరిచి వాసన చూశాడు. రంపప్పొట్టులా ఉంది.

ఇలాంటి పొడి చల్లి వియ్యంకుణ్ణి మెత్తబరచడమా. డబ్బాలోంచి చిన్న ఎర్ర మిరపకాయలు రెండు దోసిళ్లు తీసి, సెగలు కక్కుతున్న పెనం మీద కుమ్మరించాడు. పళ్ల మీద ఈగలు వాలకుండా అంతకుముందే తలుపులు, కిటికీలు బిగించి ఉంచాడు. కాయలు వేగేలోపు చొక్కా మార్చుకొద్దామని గదిలోకి వెళ్లాడు.

బొత్తాలు పెట్టుకుంటుండగా పైనుంచి హెర్మెలిందా దగ్గు వినిపించింది. తర్వాత నోయెమి దగ్గింది. అతను వంటింటి తలుపు తీసేసరికి పెనం మీద మిరపకాయలు బొగ్గులైపోయి ఉన్నాయి. ఘాటు ఒక్క దెబ్బతో ముక్కులోకీ కళ్లలోకీ గొంతులోకీ దూరింది. పొయ్యి ఆర్పి, కిటికీలు బార్లా తెరిచి, ముగ్గురూ పడుతూ లేస్తూ వీధిలోకొచ్చి పడ్డారు. తెరిచిన కిటికీల్లోంచి ఘాటు కూడా వాళ్ల వెనకే వచ్చింది. పెరట్లో బట్టలారేస్తున్న త్రాన్సితో అనే పక్కింటావిడ కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఎదురింటివాళ్లు కూడా బయటికొచ్చి నిలబడి కన్నీరు కార్చసాగారు.

సరిగ్గా అప్పుడే ప్లుతార్కో ట్రక్కు వచ్చి ఆగింది.

కొడుకు లిసాంద్రోతో పాటు పూలగుత్తి పట్టుకుని దిగినాయన వీధంతా కలయజూశాడు. తల్లీ కూతుళ్లు అవతలి అరుగు మీద తువ్వాళ్లలో మొహాలు దాచుకుని కూలబడి ఉన్నారు. ఇరుగుపొరుగు ముక్కులు చీదుతున్నారు. ఇంటాయన గోడకానుకుని వెక్కుతున్నాడు. ప్లుతార్కో మెల్లగా టోపీ తీశాడు.

"అమ్మగారేరీ?" అన్నాడు దగ్గరికొచ్చి.

చర్చికి వెళ్లిందని చెప్పబోయాడు ఎవారిస్తో. గొంతు పెగల్లేదు. వీధి చివర కనిపిస్తున్న చర్చి గోపురం వైపు వేలెత్తి చూపించాడు. ప్లుతార్కో ఆ వేలి వెంట పైకి చూశాడు. అక్కడ ఆకాశం తప్ప ఆయనకేమీ కనబడలేదు.

"ఎప్పుడు?"

"పొద్దున్నే... వెళ్లిపోయింది."

"బాధేమైనా పడ్డారా?"

"అబ్బే. కొత్త గౌను వేసుకుని... నవ్వుతూ వెళ్లింది."

"పుణ్యాత్మురాలు," అంటూ ప్లుతార్కో అతని భుజం నొక్కాడు. "వెళ్లేముందు ఏమైనా అన్నారా?"

"నా కోసం ఆగొద్దు... పిల్ల పెళ్లి మాట తేల్చెయ్యండి అంది." ఆ ముక్క చెప్పేసరికి ఎవారిస్తోకు మళ్లీ దగ్గు తెర వచ్చి కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి.

ప్లుతార్కో కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. అందులో ఘాటు పాలెంతో, మనసు పాలెంతో చెప్పడం కష్టం.

"ఇంకో ఏడాది ఆగమని చెప్పడానికి వచ్చాను బావగారూ. సిగ్గుగా ఉంది. పెద్దావిడ ఆఖరి మాట నేను తోసెయ్యలేను. వచ్చే నెలలోనే చేసేద్దాం. ఇది నా మాట."

పళ్లు ఇంకా బల్ల మీదికే రాలేదు, అప్పుడే మెత్తబడ్డాడేమిటా అనుకున్నాడు ఎవారిస్తో. తన పలుకుబడి అలాంటిది మరి. ఆఖరి మాట అన్న సంగతి దగ్గులో అతని చెవిన పడలేదు. మొహం కడుక్కొస్తానని సైగచేసి కుళాయి దగ్గరికి పోయాడు.

కళ్ల మంట చల్లారేదాకా అక్కడే ఉండి అతను తిరిగొచ్చేసరికి వీధి వేరేగా ఉంది. త్రాన్సితో కొవ్వొత్తి వెలిగించి జపమాల తిప్పుతోంది. ఆవిడ వెనక జనం వరసలు కట్టి ప్రార్థన అందుకున్నారు. ఎవరో కాఫీ గిన్నె దించారు, ఇంకెవరో మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలెల బుట్ట తెచ్చారు. ప్లుతార్కో డ్రైవరు చర్చిలో గంట కొట్టమని చెప్పి, పక్క దుకాణంలో పేరు రాయించిన పెద్ద పువ్వుల చక్రం కొనుక్కుని అప్పుడే ట్రక్కు దిగాడు. దాని మీది ఊదారంగు రిబ్బను మీద బంగారు అక్షరాలు మెరుస్తున్నాయి.

"ఎవరు పోయారు?" అన్నాడు ఎవారిస్తో.

"పాపం, ఏడ్చి ఏడ్చి మతి తప్పింది," అంది త్రాన్సితో పక్కావిడతో.

అతను రిబ్బను మీద తన తల్లి పేరు చదివాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా ఆ క్షణానే ప్లుతార్కో లిసాంద్రో చేతినీ నోయెమి చేతినీ కలిపి పట్టుకుని, వచ్చే నెల రెండో శనివారం పెళ్లని వీధి వీధంతా వినేలా చెప్పాడు. ఎవారిస్తో నోరు మూసేశాడు.

"నాన్నా, నానమ్మకేమైంది?" అంది నోయెమి అతని చెవిలో.

"ఏమీ కాలేదు. చర్చిలో కబుర్లు చెబుతోంది. మాట్లాడక నిలబడు."

తనేమీ అబద్ధమాడలేదు. ఆలోచించినకొద్దీ అతనికి అదే తేలింది. నోటి వెంట వచ్చిన ప్రతి ముక్కా నిజమే.

చర్చి గంట ఉండి ఉండి మోగుతోంది. తమ వీధిలోనే ఎవరో పోయారని విని పొంపోసా వసారాలో కబుర్లు కట్టిపెట్టి, ఆయాసపడుతూ వచ్చింది. జనాన్ని చూడగానే ముసుగు సర్దుకుని ఆఖరి వరసలో మోకరిల్లింది. పోయినవారి ఆత్మకు శాంతి కలగాలని అందరికంటే గట్టిగా ప్రార్థించింది. అది ముగిశాక ముందు వరసలో ఉన్న త్రాన్సితో భుజం తట్టింది.

"ఎవరే పోయింది? నాకు తెలిసినవాళ్లేనా?"

త్రాన్సితో వెనక్కి తిరిగి చూసి కొవ్వొత్తి జారవిడిచింది. వీధిలో దగ్గులు కూడా ఆగిపోయాయి.

ప్లుతార్కో మొహం ఎర్రబడింది. "నాటకమాడారన్నమాట. బతికున్న మనిషిని చంపి నా దగ్గర మాట తీసుకున్నారు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఎవారిస్తో మిరపకాయల సంగతి మొదలెట్టాడు గాని ఎవరూ వినిపించుకోలేదు. హెర్మెలిందా అడ్డొచ్చి, జరిగింది జరిగినట్టు రెండు ముక్కల్లో అత్తగారికి చెప్పింది. పొంపోసా చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి ప్లుతార్కో వైపు తిరిగింది.

"నేను పోయాననుకుని మాటిచ్చావా నాయనా?"

"అవునమ్మా."

"ఇప్పుడెందుకు వెనక్కి తీసుకుంటున్నావు?"

"మీరు..." అని ఆగాడాయన.

"చెప్పు. నేనేం తప్పు చేశాను? బతికున్నాననేనా?"

ప్లుతార్కో అరందాస్ సంతలో ఎందరితోనో బేరాలాడిన మనిషి. ఇలాంటి బేరం ఆయనకెన్నడూ తగల్లేదు. వీధంతా ఆయన జవాబు కోసం చూసింది. పొంపోసా తొందరపెట్టలేదు.

"నిండు నూరేళ్లు బతకండమ్మా," అన్నాడు చివరికి. "ఆ రెండో శనివారమే పెళ్లి."

నోయెమి లోపలికి పరుగెత్తి గాజు గిన్నె తెచ్చింది. పైన సీసాలో పొడే చల్లింది. ముక్కలు మండిన గొంతుల్లోకి చల్లగా, పుల్లగా దిగాయి. ప్లుతార్కో రెండోసారి వడ్డించుకుని, పొడిలో ఘాటు కాస్త తక్కువైందన్నాడు. తమాలెలు, కాఫీ ఎలాగూ ఉన్నాయి గనుక నిశ్చితార్థం అక్కడే, నడివీధిలో జరిగిపోయింది.

పువ్వులు రెండు రోజుల్లో వాడిపోయాయి. రిబ్బను మాత్రం పొంపోసా మడతపెట్టి పెట్టెలో దాచుకుంది. పేరులో ఒక్క తప్పు కూడా లేదట, మళ్లీ రాయించడం దండగట.