నమలడానికి ముందస్తు అనుమతి

మనిషి ఏ పన్నుమీద ఎంత బరువు వేయాలనేది ఇకమీదట ఆ మనిషికే వదిలిపెట్టడం ప్రజాక్షేమం కాదని హోసూరులో ఒక పళ్లాసుపత్రి తీర్మానించింది. ఆ తీర్మానం ఫలితంగా అక్కడ కొరుకుడు బల విభాగం వెలసింది. (డాక్టరుగారు మిద్దెమీద ఉంటారు. మిద్దె ఎక్కడానికి వేరే ఫారం.)

గురుబరపల్లి మామిడి రైతు రామకృష్ణప్పకు రెండేళ్లుగా కుడిపక్క దవడపన్ను లేదు. పోయిన విందులో అందరూ మటన్ ఎముకలు కొరుకుతుంటే ఆయన చారన్నం తిని లేచాడు. వియ్యంకుడు నాగేశప్ప పదిమందిలో జాలిపడ్డాడు. ఆ జాలి ఆయనకు ఇంకా అరగలేదు. నెలలో మనవరాలు మధుమితకు చెవులు కుట్టే విందు ఉందని, ఆసుపత్రికి పోయి దవడ ఎముకలో స్క్రూ దింపించుకుని పోయినచోట కొత్త పన్ను పెట్టించుకున్నాడు.

విభాగాధికారి ధన్య పదేళ్ల గ్యారంటీ కార్డు చేతికిచ్చి నిబంధనలు చెప్పింది. సొంత పన్ను చుట్టూ మెత్తటి పొర ఉంటుంది, బరువెక్కువైతే నొప్పి పుట్టి తెలుస్తుంది. స్క్రూ పన్నుకు ఏమీ తెలియదు. దాని తరఫున తెలుసుకునేది విభాగం. అందుకని చెంపకు ఒక బిళ్ల అంటించారు. ఆయన నమిలిన లెక్కను అది ఇరవై ఒక్క రోజులు యాప్‌కు పంపితే, ఎముక కొరికే అనుమతి వస్తుంది.

ఇరవై రెండో రోజు ధన్య ఫోన్ చూసి నొసలు చిట్లించింది.

"ఏమప్పా, అంతా సున్నా చూపిస్తా ఉంది. తినలేదా?"

"మూడు పూటలా తిన్నాను కదమ్మా, సంగటి."

"మరి నమల్లేదే?"

"సంగటిని ఎవరన్నా నమిలేదా తల్లీ? తుంచేది, పులుసులో ముంచేది, మింగేది."

యాప్‌లో మింగేది లేదు. మెత్తటిది, గట్టిది, ఉపవాసం, ఈ మూడే ఉన్నాయి. ధన్య బాగా ఆలోచించి ఉపవాసం నొక్కింది. ఇరవై ఒక్క రోజులు ఉపవాసమున్నవారు బతికే ఉన్నట్టు పత్రం జతపరచాలని యాప్ నుంచి వెంటనే జవాబు వచ్చింది. (రామకృష్ణప్ప ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. కానీ ఆయనను జతపరచడానికి వీలు కాలేదు.)

ఎముక అనుమతి నిరాకరించారు. కుడిపక్క కొరికితే గ్యారంటీ రద్దు. ఎడమపక్కవి సొంత పళ్లు కాబట్టి విభాగం పరిధిలోకి రావు, వాటితో ఏమైనా చేసుకోవచ్చునని దయతో రాసిచ్చారు.

"పన్ను నీ నోట్లో ఉండాదా, వాళ్ల బీరువాలో ఉండాదా?" అని అడిగింది భార్య రామలక్ష్మమ్మ.

"పదేళ్ల గ్యారంటీ. పోగొట్టుకునేదా?" అన్నాడాయన.

విందులో నాగేశప్ప ఏరి మరీ పెద్ద ఎముక వేయించాడు. "కొరుకు బావా, కొత్త పన్ను కదా!" అన్నాడు. రామకృష్ణప్ప నిబంధన ప్రకారం ఎడమపక్క కొరికాడు. రెండేళ్లుగా రెండు పక్కల బరువూ మోస్తున్న ఆ సొంత పన్ను నిలువునా చీలింది. నాగేశప్ప తానే లేచి వచ్చి ఆకులో పెరుగన్నం కలిపి పెట్టాడు. రామకృష్ణప్పకు ఏడుపు ఒక్కటే తక్కువ.

సోమవారం ధన్య నోరు పరీక్షించి, "కుడిపన్ను చెక్కు చెదరలేదప్పా! మా రూల్ బాగా పనిచేసింది" అని సంతోషించింది. చీలిన పన్ను తీసేశారు. అక్కడా స్క్రూ దింపి, రెండో కార్డు ఇచ్చారు.

ఇప్పుడు రామకృష్ణప్ప నోట్లో రెండు పక్కలా పదేళ్ల గ్యారంటీ ఉంది. ఏ పక్క నమలాలో అడిగే ఫారం ఇంకా అచ్చు కాలేదు.