మెట్ల గోడ మీద రచయితలు

శనివారం పొద్దున మిలింద్ ఆగాశే వేసుకున్న పథకం చిన్నది. టీ తాగాలి, స్నానం చెయ్యాలి, ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టాలి, అది చూసి ఎవరైనా రాసే పని ఇస్తే ఒప్పుకోవాలి. చివరిది తన చేతిలో లేదన్న సంగతి స్నానాల గదిలో గుర్తొచ్చింది. ఒంటి నిండా సబ్బుతో కాసేపు అలాగే నిలబడిపోయాడు.

అతను పనిచేసిన పాఠ్యపుస్తకాల సంస్థ మూతపడ్డాక వర్షాకాలమంతా ఇదే వరస. "ఏ విషయమైనా, ఎవరి తరఫునైనా రాసిపెట్టబడును" అని రోజూ పోస్టు పెట్టేవాడు. లైకులు వచ్చేవి. పెట్టేవాళ్ళంతా తనలాగే పని వెతుక్కుంటున్న రచయితలు. పస్తులున్నవాళ్ళు ఒకరికొకరు వడ్డించుకుంటున్నట్టుండేది.

"శిరీష్‌కి మాటిచ్చేశాను," అంది భార్య కేతకి, అటుకుల పోహే మీద కొత్తిమీర చల్లుతూ. "సోమవారం నుంచి చించ్‌వడ్‌లో మా తమ్ముడి టైర్ల దుకాణంలో కూర్చుంటావు. ఈలోగా రాసే పని దొరికితే సరే, వాడికి నేనే సర్దిచెబుతాను."

"ఈలోగా అంటే? రేపు ఆదివారం కదా?"

"నీకు రోజూ ఆదివారమేగా. అలవాటే."

"టైర్లు చూస్తే నాకు గుండె దడ, కేతకీ. నల్లగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మధ్యలో అంతా ఖాళీ."

"నిన్ను చూసి అవీ అదే అనుకుంటాయిలే," అని ఆమె తను పనిచేసే క్లినిక్‌కి వెళ్ళిపోయింది.

ముందురోజు ఒక వీడియోలో ఎవరో సలహా ఇచ్చారు: రచయితనని చెప్పుకోకండి, రాసి చూపించండి, మీ చుట్టూ ఉన్నదే రాయండి. మిలింద్ చుట్టూ పుణే పాతబస్తీ నారాయణ్ పేఠ్ ఉంది. అక్కడ గోడ ఖాళీగా ఉండగా మనిషి ముఖాన మాట అనడం మోటుతనం. గేటు ముందు బండి పెట్టినా, గంట రెండుసార్లు కొట్టినా దానికొక నోటీసు ఉంటుంది. అలాంటిదే ఒకటి నమూనాగా రాద్దామని కూర్చున్నాడు. ఆశ్చర్యంగా అది వెంటనే వచ్చింది. నిజమైనదిలా కనిపించాలని కింద బిల్డింగు కమిటీ పేరిట ఒక సంతకం కూడా చేర్చి ప్రింటు తీశాడు.

"మెట్ల మీద నిలబడి ఇతరుల కాపురముల గురించి మాట్లాడువారు దయచేసి గొంతు పెంచవలెను. పై అంతస్తుల వారికి సగమే వినపడుచున్నది. — కమిటీ ఆజ్ఞ."

దాన్ని కింద మెట్ల గోడకి అంటించి, ఫొటో తీసి, అక్కడే నిలబడి పోస్టు చేశాడు. కాగితం పీకెయ్యాలనే అనుకున్నాడు. ఇంతలో ఫోను టింగుమంది. ఎవరో నవ్వుముఖం పెట్టారు. మళ్ళీ టింగుమంది. అతను ఫోను చూసుకుంటూ మూడో అంతస్తుకి నడిచి వచ్చేశాడు. కాగితం గోడ మీదే ఉండిపోయింది.

అరగంటలో తలుపు దబదబా మోగింది. ఎదురుగా మొదటి అంతస్తు పిన్నిగారు దామ్లే కాకూ, చేతిలో కూరగాయల సంచీతో. మెట్ల మీద నిలబడి మాట్లాడే వ్యక్తి ఆ భవనంలో ఒక్కరే ఉన్నారన్న సంగతి, రాసేటప్పుడు ఎందుకు తట్టలేదో మిలింద్‌కి అర్థం కాలేదు. తట్టే ఉంటుంది. తట్టినట్టు తనకి చెప్పకుండా మనసు చేతికి మాత్రం చెప్పి ఉంటుంది.

"చూశావా మిలింద్, ఆ బాపట్ ఎంత పని చేశాడో!"

అతను తలుపు ఇంకాస్త తెరిచాడు. "బాపట్ కాకానా?"

"కమిటీ అంటే మరెవరు? కార్యదర్శి కాగానే కళ్ళు నెత్తికెక్కాయి. జవాబు రాసివ్వు. నువ్వు ఎవరి తరఫునైనా రాస్తానంటావుగా, రోజూ చూస్తున్నాను."

"కాకూ, ఇలాంటివి పట్టించుకోకపోతేనే..."

"ఏం, నీకూ ఆ నోటీసు నచ్చిందా?"

ఒప్పుకుంటే అనుమానం, కాదంటే అనుమానం. తప్పు చేసినవాడికే ఇంత జాగ్రత్త ఉంటుందని ఆవిడ పసిగట్టేస్తుందేమోనన్న భయంతో కలం తీశాడు. తనమీద తనకే కోపం తెప్పించుకుని రాయడం ఇంత సులువని అతనికి అప్పుడే తెలిసింది. ఆవిడ దాన్ని తన గుండ్రటి అక్షరాలతో తిరగరాసి అంటించింది.

"సగము విన్నవారు మిగిలిన సగము కల్పించుకొనగలరని ఇంతకాలము నమ్మితిమి. కమిటీకి ఆ మాత్రము తెలివి లేదని తెలిసి విచారించుచున్నాము. — శ్రీమతి దామ్లే."

ఆవిడ వెళ్ళిన కాసేపటికి బాపట్ కాకా వచ్చాడు. ఆయన మూడంతస్తులు ఎక్కి రావడం అదే మొదటిసారి. గుమ్మంలో ఆయాసపడుతూ, "నీళ్ళు," అన్నాడు. తాగాక, "కమిటీ పేరు వాడుకున్నది ఎవరో నాకు తెలుసు," అన్నాడు.

మిలింద్ ఖాళీ గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాడు. "ఎవరు కాకా?"

"ఆ ఫడ్కే. ఎన్నికల్లో నా చేతిలో ఓడిపోయి కోశాధికారి పదవితో సరిపెట్టుకున్నాడు కదా, ఆ మంట. రుజువైతే ఈ బిల్డింగులో ఉండనివ్వను. నువ్వు నాకొక ఘాటైన నోటీసు రాసిపెట్టు."

"మీరే రాయొచ్చు కదా కాకా? మీ భాష ఎంత బాగుంటుంది!"

"నాకు కోపం వస్తే వ్యాకరణం పోతుందిరా. నీకు కోపమే రాదు. అదే కావాలి."

కోపం రాని మిలింద్ మరో నోటీసు రాశాడు. బాపట్ దాన్ని ఎర్రసిరాతో తిరగరాసుకున్నాడు.

"ప్రథమ నోటీసు కమిటీది కాదు. కమిటీ పేరు వాడుకొను సరదా గలవారు ముందుగా సమావేశములలో మేలుకొని ఉండుట నేర్చుకొనవలెను. — బాపట్, కార్యదర్శి."

ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా భవనం నిద్రపోయింది. మిలింద్ నిద్రపోలేదు. కిందికి వెళ్ళి ముందుగా తన కాగితం పీకేద్దామనుకున్నాడు. పీకుతుండగా ఎవరైనా చూస్తే? పీకకపోతే? ఈ రెండు ప్రశ్నల మధ్య మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. తన భయాలకి ఒక్కోదానికీ ఒక్కో గొంతు ఉందనీ, అవి తనకంటే చక్కటి వాక్యాలు మాట్లాడతాయనీ గమనించాడు. నాలుగు కొట్టగానే ఫడ్కే కాకా చెప్పుల చప్పుడు వినిపించింది.

ఫడ్కే కోపంగా లేడు. బాధగా ఉన్నాడు. "నేను నిద్రపోతానని ఊరంతటికీ చెప్పాలా, మిలింద్? నిద్రపోతాను, నిజమే. అబద్ధం ఆడను. మర్యాదగా ఒక జవాబు రాసివ్వు బాబూ. మా ఆవిడ తీపి పెరుగు, శ్రీఖండ్ పంపింది."

శ్రీఖండ్ గిన్నె చూడగానే మిలింద్‌కి కన్నీళ్ళు వచ్చినంత పనైంది. వర్షాకాలమంతా వెతికితే దొరికిన మొదటి పారితోషికం అది.

"సమావేశములలో నిద్రించుట వాస్తవము. కార్యదర్శి ప్రసంగము విని మేలుకొన్నవారు ఎవరైనా ఉన్నచో తెలుపగలరు. — ఫడ్కే, కోశాధికారి."

సాయంత్రానికి కేతకి ఇంటికి రావడానికి గేటు దగ్గర జనాన్ని తోసుకోవలసి వచ్చింది. దారినపోయేవాళ్ళు లోపలికొచ్చి, మెట్ల గోడని పైనుంచి కిందికి చదివి, ఫొటోలు తీసుకుని పోతున్నారు. ఆ ఫొటోలు ఊరంతా తిరుగుతున్నాయి. మిలింద్ పోస్టు కింద ఒక సందేశం వచ్చి ఉంది. ముంబయిలో ప్రకటనల సంస్థ నడుపుతున్న షెర్నాజ్ అనే ఆవిడ రాసింది. ఊరూరా పెడుతున్న టీ దుకాణాల గోడల మీదికి ఇలాంటి రాతలే కావాలట. ఆ గోడ మీద రాసినవాళ్ళతో పని చేయించుకోవాలని ఉందట. రేపు పుణేలోనే ఉంటుందట, వచ్చి కలుస్తుందట.

"దొరికిందిగా!" అంది కేతకి. "నాలుగూ నేనే రాశానని చెప్పెయ్."

"చెబితే కాకూ నన్ను మెట్లెక్కనివ్వదు. బాపట్ ఇల్లు ఖాళీ చేయిస్తాడు. ఫడ్కే కాకా..." శ్రీఖండ్ గిన్నె వంక చూశాడు. "ఫడ్కే కాకా బాధపడతాడు."

"చెప్పకపోతే?"

అతను గిన్నె మీద మూత పెట్టాడు. ఆమె ఫోను తీసి తమ్ముడి పేరు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది.

ఆదివారం పొద్దున షెర్నాజ్ వచ్చేసరికి ముగ్గురూ మెట్ల దగ్గరే ఉన్నారు. ఎవరికి వాళ్ళు పనిమీద వచ్చినట్టు నటిస్తున్నారు. దామ్లే కాకూ పట్టుచీర కట్టుకుంది. మిలింద్ ఒక్కో మెట్టూ దిగుతూ రాత్రంతా వల్లించుకున్న వాక్యాన్ని మళ్ళీ వల్లించుకున్నాడు. కిందికి చేరగానే అందరి ముందూ అనేశాడు:

"ఈ నాలుగు నోటీసులూ నేనే రాశాను. మొదటిది కూడా."

ఉరుము కోసం అతను కళ్ళు మూసుకున్నాడు. నవ్వులు వినిపించాయి.

"పాపం," అంది దామ్లే కాకూ షెర్నాజ్‌తో. "పని లేక పిల్లాడి మనసు చెదిరింది. ఇది నా చేతిరాత కాదా, మీరే చూడండి."

"కాకూ, నిన్న మీరే కదా నా దగ్గరికొచ్చి..."

"వచ్చాను. పాపం ఊరికే ఉన్నావు కదా అని మాట కలిపాను."

"మరి మొదటిది?" అన్నాడు మిలింద్ నీరసంగా.

బాపట్ గొంతు సవరించుకున్నాడు. "అది కమిటీ ఆజ్ఞ. కమిటీ అంటే నేనే. నిన్న పరిస్థితుల దృష్ట్యా కాదన్నాను, ఇప్పుడు అవునంటున్నాను."

"అబద్ధం! అది నాదని నువ్వే కదా గోడెక్కి చెప్పావు?" అన్నాడు ఫడ్కే. నిద్రలేచిన మనిషిలా ఉన్నాడు. "పెద్దవాడివి చెప్పావు కదా, నేను ఒప్పుకుంటున్నాను."

షెర్నాజ్ ముగ్గుర్నీ మురిపెంగా చూసి, మిలింద్ వైపు తిరిగింది. "సరే డీక్రా, నాయనా, నువ్వే రాశానంటున్నావుగా. ఇదిగో కాగితం. ఒక్కటి రాయి, ఇక్కడే. కింద నీ పేరు పెట్టు."

మిలింద్ కలం పట్టుకున్నాడు. ముందు తన పేరు రాశాడు. ఆ తరువాత ఏమీ రాలేదు. కాకూ కోపం పిలిస్తే పరుగున వచ్చిన మాటలు, బాపట్ అహంకారానికి సలాము కొట్టిన మాటలు, అతని పేరు కనబడగానే గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి నిలబడిపోయాయి. అక్కడ ఎవరి బాధ రాయాలో వాటికి తెలియలేదు. కాగితం ఆవిడకి తిరిగి ఇచ్చేశాడు.

"పోనీలే, టీ తాగు," అంది ఆవిడ జాలిగా. దామ్లే కాకూని, బాపట్‌ని, ఫడ్కేని తన సంస్థకి రచయితలుగా కుదుర్చుకుని, వారానికి ఒక్కొక్కరు ఇన్నేసి రాసివ్వాలని చెప్పి వెళ్ళిపోయింది.

పైకి రాగానే కేతకి అతని ముఖం చూసింది. పెట్టెలోంచి ఒక పాత చొక్కా తీసి ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. దుకాణంలోకి పాతదైతే చాలు.

చొక్కా రెండో చెయ్యి దాకా రాకముందే తలుపు చప్పుడైంది. బాపట్ కాకా. ఈసారి నీళ్ళు అడగలేదు. "నాకొచ్చే దాంట్లో సగం నీది. పేరు మాత్రం నాదే ఉండాలి. ఆ ఇద్దరికీ తెలియకూడదు." ఆయన దిగిన చప్పుడు ఆగాక దామ్లే కాకూ ఎక్కి వచ్చింది. అదే మాట, అదే సగం, అదే ఒట్టు. భోజనాల వేళ ఫడ్కే వచ్చి అన్నీ ఇచ్చేస్తానన్నాడు, మిలింద్ బతిమాలి సగానికి ఒప్పించాడు.

కేతకి ఇస్త్రీపెట్టె ఆపేసి లెక్క వేసింది. మూడు సగాలు కలిపితే ఆ ముగ్గురిలో ఎవరికన్నా అతనికే ఎక్కువ. తమ్ముడికి ఫోను చేసి, ఆయనకి తీరిక లేదని చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఇన్నాళ్ళూ లేని గర్వం వినిపించి, మిలింద్‌కి మళ్ళీ భయం వేసింది.

వారం తిరిగేసరికి మొదటి విడత రాతలు ముంబయికి వెళ్ళాయి. ఆ మర్నాడే ముగ్గురూ వేరువేరుగా మెట్లెక్కి వచ్చి, మిగతా ఇద్దరూ తమకంటే బాగా రాస్తున్నారని మిలింద్‌కి ఫిర్యాదు చేశారు.