ఒకే దుప్పటి కింద

మనిషి ఇన్ని వేల ఏళ్లుగా ఫ్లూను జయించలేకపోయాడంటే కారణం వైద్యం వెనకబడటం కాదు, సరైన కమిటీ లేకపోవడమే. ఆ లోటు పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది వానాకాలంలో, మాదాపూర్‌లో తీరింది.

అద్దాల భవనంలోని ఆ కంపెనీ, రెండు వేల సంవత్సరం రాగానే అమెరికా కంప్యూటర్లు తికమకపడకుండా కాపాడే పనిలో ఉంది. ఏసీ కంప్యూటర్ల ఒంటికి తగ్గట్టు పెట్టారు. (మనుషులు స్వెట్టర్లు తెచ్చుకోవచ్చు, అభ్యంతరం లేదు.) కిటికీలు తెరుచుకోవు. ఒకరి తుమ్ము అంతస్తుకంతటికీ అందేది. అమెరికా క్లయింటు వచ్చే శుక్రవారం వస్తున్నాడనగా సగం మంది దగ్గుతున్నారు. దాంతో పర్సనెల్ మేనేజరు విశ్వేశ్వరరావు గారు తానే అధ్యక్షుడిగా ఫ్లూ నివారణ కమిటీ వేశారు.

ప్రోగ్రామర్ పౌలు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు. అదే అతని ప్రాణం మీదికి వచ్చింది. లింగంపల్లిలో ఇంట్లో నెల కూడా నిండని కూతురుంది. నర్సుగా రిటైరైన అత్తగారు మరియమ్మ రోజూ గుమ్మంలోనే అల్లుడి నుదురు ముట్టి చూసి, చేతులు కడిగించి, అప్పుడు గానీ పిల్లనివ్వదు. ఆఫీసులో ఎంత విసిగినా ఆ పిడికెడు పిల్లను ఎత్తుకుంటే అతనికి అన్నీ మరుపే. అందుకే ఈ దగ్గులు సద్దుమణిగేదాకా సెలవు అడిగాడు.

విశ్వేశ్వరరావు గారు ఎంతో సానుభూతితో విన్నారు. "జ్వరమొస్తే సెలవిస్తామండి. రాకుండా ఉండటానికి సెలవంటే రూల్సులో లేదు. నివారణకు ఆవిరి కార్యక్రమం ఉందిగా, దానికి రండి."

ఆవిరి కార్యక్రమం మహా శాస్త్రీయమైనది. మీటింగు గదిలో బల్ల మీద పసుపు వేసిన మరిగే నీళ్ల గంగాళం, చుట్టూ ప్రాజెక్టు బృందం, అందరి తలల మీదుగా ఒకే దుప్పటి. తలకో దుప్పటి ఇస్తే ఐకమత్యం దెబ్బతింటుందని కమిటీ తీర్మానించింది. దగ్గేవాళ్లను మధ్యలో నిలబెట్టి, ఆరోగ్యవంతులను వారికి ఆసరాగా అటూ ఇటూ సర్దారు. హాజరు తప్పనిసరి.

గంగాళం మోసుకొచ్చిన సెక్యూరిటీ మొగిలి పౌలు చెవిలో చెప్పాడు. "జర మొఖం పక్కకు పెట్టుకో సారూ. దుప్పటి నిన్నటిదే."

పౌలు ఊపిరి బిగబట్టాడు. ముక్కున్న మనిషి ఎంతసేపని బిగబడతాడు, పాపం.

గురువారం పొద్దున సీట్లో కూర్చున్నవాడికి ఒళ్లు కాలిపోయింది. కమిటీ క్షణం ఆలస్యం చేయలేదు. అడక్కుండానే దగ్గేవాళ్లందరితో పాటు అతనికీ వారం సెలవు మంజూరు చేసి, చేతిలో రెండు జ్వరం బిళ్లలు పెట్టి, లిఫ్టు దాకా సాగనంపింది. ఇంట్లో పసిగుడ్డు ఉందండీ, ఇక్కడే ఏదో ఓ మూల పడుంటానని పౌలు బతిమాలాడు.

విశ్వేశ్వరరావు గారు నొచ్చుకున్నారు. "రేపు క్లయింటు వస్తున్నాడండీ. ఆఫీసులో జబ్బు ఉంటే ఏం బావుంటుంది చెప్పండి?"

లింగంపల్లిలో మరియమ్మ నుదురు ముట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది. లోపలికెళ్లి సబ్బుతో చేతులు రుద్దుకుని, చాప, కంచం, నీళ్ల చెంబు వరండాలో పెట్టి తలుపేసుకుంది. లోపల పాప ఏడుపు అందుకుంది. గోడకు చేరగిలబడ్డ పౌలుకు కూడా ఏడుపు ఆగలేదు.

"తగ్గాక ఎత్తుకుందువుగాని బాబూ," అంది మరియమ్మ తలుపు వెనక నుంచి.

శుక్రవారం క్లయింటు వచ్చాడు. ముందుగదిలో కొత్త బోర్డు చూసి కమిటీని మనసారా మెచ్చుకున్నాడు: 'ఈ కార్యాలయంలో ఫ్లూ లేదు.'

అందులో అబద్ధమేమీ లేదు. ఎవరి వాటా వాళ్లు ఇంటికి పట్టుకెళ్లారు.