ఎవరికీ లేని పేరు

టైలరమ్మ పాలామెతో అన్నదట, పాలామె వీధంతా అన్నది: "లైబ్రేరియన్ గారికి మతి చలించింది. గుమ్మం గుమ్మానికీ వెళ్లి ఓ పేరు చెప్పి, అది మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతున్నారు!"

మతి బాగానే ఉంది. భయమే ఎక్కువైంది. ఆయన కూతురి తరగతిలో ఆమెతో కలిపి ఒకే పేరున్న పిల్లలు నలుగురు. పదేళ్ల చదువూ "మూడో నంబరు" అనిపించుకుంటూనే గడిపిందామె. పురిటి మంచం మీదే తండ్రి చేత మాట తీసుకుంది. "నా పిల్లకి ఎవరికీ లేని పేరు కావాలి నాన్నా. లేదంటే పేరే పెట్టను."

చెదలు సగం తిన్న పుస్తకంలో పేరు దొరికింది. అది ఎవరికీ లేదని తేల్చుకోవద్దూ? బడికి వెళ్లి అడిగాడు, టీకాల వరుసలో నిలబడి అడిగాడు, చివరికి ప్రసూతి వార్డులో మంచం మంచానికీ తిరిగాడు. అందరూ "లేదండీ" అన్నారు. వెంటనే "అర్థమేంటండీ?" అనీ అన్నారు. ముప్పై ఏళ్లు పుస్తకాల మధ్య నోరు మూసుకు కూర్చున్న మనిషి, అడిగాక ఆగుతాడా?

"కాలిపోయిన చేలో మళ్లీ లేచిన తొలి పచ్చకి పూర్వం ఈ మాట వాడేవారమ్మా. ఎండ చంపదు, నిప్పు చంపదు!"

బాలింతల కళ్లు చెమర్చేవి.

జనన రిజిస్టర్లో పేరు రాయించడానికి గడువు ఆఖరి రోజు వచ్చింది. పన్నెండింటికల్లా పని ముగించుకు వద్దామని భార్యనీ, పిల్లనెత్తుకున్న కూతురినీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. టైలరమ్మ గుమ్మంలో కూర్చుని బుల్లి గౌను కుడుతోంది. గౌను మీద ఎర్రదారంతో ఆ పేరే.

"మా పిల్లకా? ఎందుకమ్మా నీకీ శ్రమ!"

"మీ పిల్లకి కాదండీ, మా ఆడపడుచు మనవరాలికి. మీరు చెప్పిన అర్థం విని వాళ్లింటిల్లిపాదీ ఒకటే ఏడుపు!"

ఆఫీసు వరండాలో ఎవరో ఆ పేరు పెట్టి బిడ్డని ముద్దు చేస్తే, పక్కనున్న ముగ్గురు తల్లులు తలెత్తి చూశారు.

"పదమూడోది," అన్నాడు గుమస్తా కాగితం చూసి. "అర్థం చెప్పక్కర్లేదు, నాకు నోటికొచ్చేసింది. మా అన్నయ్య దూడకి కూడా ఇదే పెట్టాడు."

కూతురు బల్ల మీద కూలబడి పిల్ల ముఖంలోకి చూసింది.

"నాది మూడే, నాన్నా."

ఊరంతా విత్తనం చల్లి సొంత మడి బీడు పెట్టుకున్న రైతులా నిలబడిపోయాడాయన. గుమస్తా తొందరపెట్టాడు. కూతురు కళ్లు తుడుచుకుంది.

"మా అమ్మ పేరు రాయండి."

గుమస్తా రిజిస్టర్లు తిరగేశాడు. "పన్నెండేళ్లుగా ఒక్కరూ రాయించలేదమ్మా ఈ పేరు! భలే ఉందే. అర్థమేంటండీ?"

వరుసంతా లైబ్రేరియన్ వైపు తిరిగింది. ఆయన మెల్లగా భార్య వైపు వంగాడు.

"ఏమే, నీ పేరుకి అర్థమేంటే?"

"నలభై ఏళ్లుగా 'ఏమే' అనేగా పిలిచారు. ముందు దాని అర్థం చెప్పండి."