పాత మూత, కొత్త మూత

ఆ రోజు ఉదయం కత్తెరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదిన్నరకు డైరెక్టరు వస్తారు, పదకొండుకు మెచ్చుకుంటారు, పన్నెండుకు భోజనం. ఆమె అసలు పేరు ల్యాబులో అందరూ ఏనాడో మరిచిపోయారు. టీకాల్లో వాడే ఎంఆర్‌ఎన్‌ఏ అంటే, ఫలానా ప్రొటీను తయారు చెయ్యమని కణానికి పంపే చీటీ. దానికి ముందొక టోపీ, వెనకొక తోక, మధ్యలో నానా హంగులూ ఉంటాయి. చీటీ చిన్నదైతే తయారీ సులువని, ఆమె మూడేళ్లుగా ఆ హంగులన్నీ కత్తిరిస్తూ కూర్చుంది. ఇవాళ అది పనిచేయకపోతే ప్రాజెక్టు మూసేస్తామని డైరెక్టరు ముందే చెప్పేశారు.

రెండు ప్లేట్లలో కణాలు పెంచి, ఒకదానికి పాత చీటీ, రెండోదానికి కొత్త చీటీ ఇచ్చింది. చీటీ పనిచేస్తే కణాలు పచ్చగా మెరవాలి. ఆ ల్యాబులో ఒక శాసనం ఉంది: పేరు ప్లేటు అడుగున రాయాలి, మూత మీద రాయకూడదు. మూతలు మారిపోతాయి కదా! శాసనం చేసింది ఆమే. దాన్ని మీరినందుకు టెక్నీషియన్ తిన్న చీవాట్లకు లెక్కలేదు. అలాంటి మనిషి నిన్న సాయంత్రం కంగారులో మూతల మీదే "పాత", "కొత్త" అని రాసేసింది.

పొద్దున్నే టెక్నీషియన్ మూతల లోపల పట్టిన ఆవిరిని శుభ్రంగా తుడిచాడు. రెండు మూతలూ ఒకేసారి తీశాడు, ఒకేసారి పెట్టాడు. తర్వాత గాజు సామాను కడగడానికి వెళ్లిపోయాడు.

డైరెక్టరు మైక్రోస్కోపులో చూశారు. "పాత" ప్లేటు ధగధగా మెరుస్తోంది. "కొత్త" ప్లేటులో అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క.

"ఏంటమ్మా ఇది? మూడేళ్లు కత్తిరించి కత్తిరించి చివరికి పీకే కోసేశావా?"

"సార్, ఇంకొక్కసారి..."

"పోయినేడూ ఇదే మాట అన్నావు." ఆయన అక్కడి నుంచే ఆఫీసుకు ఫోను చేసి, ప్రాజెక్టు ఆపేయమన్నారు.

ఆ మాట పక్క ల్యాబులో ఎలుకలాయన చెవిన పడింది. అయిదు నిమిషాల్లో కొలిచే టేపు పట్టుకుని దిగిపోయాడు.

"బాధపడకండి మేడమ్. ఈ గదిలో నా ఎలుకల బోన్లు పడతాయో లేదో చూసుకుంటున్నానంతే."

కొలతకు అడ్డొస్తోందని ఆమె కుర్చీని నడవలోకి నెట్టాడు. ఆమె అందులో కూర్చునే ఉంది. ఆపైన ఫ్రిజ్ తెరిచి, "ఈ ట్యూబులు పారేయొచ్చా?" అన్నాడు. మూడేళ్ల కష్టమూ ఆ ట్యూబుల్లోనే ఉంది. డైరెక్టరు తలూపారు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

టెక్నీషియన్ తిరిగొచ్చేసరికి మేడమ్ నడవలో ఉంది.

"అత్యాశకు పోయి ఎక్కువ కత్తిరించేశానయ్యా. కొత్తది మెరవలేదు. అంతా నా తప్పే."

అతను రెండు ప్లేట్ల వైపూ చూసి, నీళ్లు నమిలాడు. "మేడమ్, తిట్టనంటే ఒకటి చెప్తాను."

"తిట్టే ఓపిక కూడా లేదు. చెప్పు."

"నిన్న మీరు మూతల మీద రాశారు. చెప్తే కోప్పడతారని, గుట్టుచప్పుడు కాకుండా అప్పుడే అడుగున నేనూ రాసి పెట్టాను."

డైరెక్టరు మెరుస్తున్న ప్లేటును పైకెత్తి అడుగు చూశారు. మూత మీద "పాత" అని ఉంది, అడుగున "కొత్త" అని ఉంది.

"నాకు మొదట్నుంచీ నమ్మకముంది," అని డైరెక్టరు మళ్లీ ఫోను తీశారు. ఎలుకలాయన బయటికి తీసిన ట్యూబులు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, టేపు చుట్టేసి, కుర్చీని ఆమెతో సహా లోపలికి తోశాడు. టెక్నీషియన్‌ను ఆమె ఆ రోజంతా ఒక్క మాటా అనలేదు. అతనికి అదే భయంగా ఉంది.

మర్నాడు ల్యాబులో కొత్త నోటీసు వెలిసింది: "మూతల మీద రాయరాదు." కాగితం చేతికి అందలేదేమో, ఆమె దాన్ని మార్కర్ల డబ్బా మూత మీద రాసింది.